రేడియో యంత్రము పలు ఛానెళ్లను వినుట యెట్లు?

వానకాలమున మన ప్రాంతపు రైతునకు రెండు చింతలు కలవు. వాన కురియదేమో యనునది మొదటిది. కురిసిన వాన ఏరై మీదికి వచ్చునేమో యనునది రెండవది. మొదటి చింతకు మానవప్రయత్నము అంతగా లేదు. రెండవదానికి మాత్రము ఒక మందు కలదు. అది ఎగువవారి వార్త దిగువవారికి వేళకు చేరుట. జగిత్యాల జిల్లాకు ఉత్తరపు సరిహద్దుగా గోదావరి ప్రవహించుచున్నది. సిరిసిల్ల పట్టణము మానేటి యొడ్డున వెలసినది. 2021 సెప్టెంబరులో కురిసిన వానలకు సిరిసిల్ల వీథులలో నీరు పాఱిన సంగతి సభ్యులు మఱచియుండరు. 2022 జూలైలో కడెము జలాశయమునకు దాని తలుపులు విడువగల నీటికంటె హెచ్చు నీరు వచ్చి చేరెను. ఆ నెలలోనే భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు లేచెను. 1986 ఆగస్టులో లేచిన 75.6 అడుగుల మట్టము తరువాత అచ్చట అంతటి వరద కానరాలేదు.

నేడు ఇంటింటను సెల్‌ఫోను కలదు. అయినను సెల్‌ఫోను తనంత తాను మాటను మోయదు. దానికి నడుమ స్తంభము కావలెను. స్తంభమునకు విద్యుత్తు కావలెను. ఒక స్తంభమును మఱియొకదానితో కలుపు తీగ తెగకుండవలెను. గాలివానకు విద్యుత్తు పోయి, స్తంభము క్రింది బ్యాటరీలు అడుగంటినచో, ఊరిలోని ఫోనులన్నియు ఒక్కమాఱే మూగవోవును. హెచ్.ఎఫ్. అను పొట్టి తరంగముల రేడియో అట్టిది కాదు. ఈ కొనను ఒక యంత్రము, ఒక బ్యాటరీ, ఒక తీగ. ఆ కొనను అట్టివే మఱియొక మూడు. నడుమ ఎవరి సొత్తును అక్కఱ లేదు. అందుచేతనే సైన్యమువారును, ఓడలవారును, ఉపద్రవములందు సాయపడువారును ఈ యంత్రమును కడపటి ఆధారముగ నేటికిని ఉంచుకొనుచున్నారు.

ఈ యంత్రముపై స్కానింగు అను మీట యొకటి యుండును. దానిని నొక్కినచో యంత్రము తనలో దాచిన ఛానెళ్లనన్నిటిని ఒక్కసారిగ వినుచుండునని పెక్కుమంది తలంతురు. ఇది సరికాదు. యంత్రము ఏ క్షణమునందైనను ఒక్క ఛానెలునే వినును. తక్కినవాటికి ఆ క్షణమున అది చెవిటిది. ఈ చిన్న సంగతి ఎఱుగనందువలన ఆపత్కాలమున పిలుపు వ్యర్థమగును. కావున దానిని గూర్చి వివరముగ వ్రాయుచున్నాము.

ఒక్క ఛానెలు ఏల చాలదు?

ఇంగ్లీషున ఛానెలు అను మాటకు కాలువ యనియే అర్థము. నీరు పాఱుటకు కాలువ యెట్టిదో, రేడియో మాటకు ఛానెలు అట్టిది. సెకండునకు ఇన్ని మార్లు కంపించు తరంగముపై మేము మాటలాడుదుము, మీరును దానిపైననే వినుడు అని ముందుగా ఏర్పఱచుకొన్న సంఖ్యయే ఛానెలు. సెకండునకు పది లక్షల కంపనములైనచో దానిని ఒక మెగాహెర్ట్‌జ్ అందురు. 3 మొదలు 30 మెగాహెర్ట్‌జ్ వఱకు గల భాగమునకు హెచ్.ఎఫ్. అని పేరు. ఈ తరంగముల పొడవు 100 మీటర్లు మొదలు 10 మీటర్ల వఱకు ఉండును.

పోలీసువారు చేతబట్టుకొని తిరుగు చిన్న యంత్రముల తరంగములు ఇంతకంటె పొట్టివి. అవి చూపువలె తిన్నగా పోవును. గుట్ట అడ్డమైనచో అచ్చటనే ఆగును. హెచ్.ఎఫ్. తరంగమునకు వేఱొక త్రోవ కలదు. అది ఆకాశమునకు ఎగసి, అచ్చట విద్యుత్కణములు నిండిన పొరలచే వంచబడి, మరల నేలకు దిగును. ఇట్టి పొర యుండవలెనని 1902లో అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ అను పండితులు ఊహించిరి. 1924లో ఆపిల్టన్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగముచే దానిని నిరూపించెను. ఆయనకు 1947లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున కలకత్తాలో శిశిర కుమార మిత్రగారును, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య బి. రామచంద్రరావుగారును ఈ విషయమున పేరెన్నికగన్న పరిశోధనలు చేసిరి. ఈ పొరలుండు ప్రదేశమునకు అయనావరణము అని పేరు.

కోరుట్లనుండి సిరిసిల్లకు నేలపై వంద కిలోమీటర్ల దూరమైనను లేదు. అయినను ఈ విధముగ పంపిన మాట ముందు 300 కిలోమీటర్ల యెత్తునకు పోయి, అంత దూరమును మరల దిగి వచ్చును. తరంగము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవునది గావున ఈ 600 కిలోమీటర్ల ప్రయాణమునకు సెకండులో అయిదువందలవ వంతు మాత్రమే పట్టును. నడుమనున్న గుట్టలు దానికి లెక్కలేదు. అది వాటిమీదనుండి పోయి పైనుండి దిగునది.

ఈ పొరలను కల్పించువాడు సూర్యుడు. కావున అవి ప్రొద్దుతోబాటు మాఱుచుండును. పగటివేళ 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున ఒక పొర యేర్పడి, తక్కువ కంపనములు గల తరంగములను మ్రింగివేయును. ప్రొద్దు క్రుంకిన వెంటనే ఆ పొర కరగిపోవును. 300 కిలోమీటర్ల ప్రాంతమునగల పై పొర రాత్రి పొడుగునను నిలుచును గాని క్రమముగ పలుచబడును. పలుచబడిన పొర ఎక్కువ కంపనములు గల తరంగములను వంచజాలదు. అవి దానిని చీల్చుకొని పైకి పోయి, మరల రావు. అందువలన పగలు 7 మెగాహెర్ట్‌జ్‌పై చక్కగా వినబడిన పొరుగు జిల్లావాని మాట తెల్లవాఱుజామున వినబడకపోవచ్చును, అప్పుడు 3.5 మెగాహెర్ట్‌జ్‌పై పిలిచినచో పలుకును. ఆ 3.5పై మిట్టమధ్యాహ్నము పిలిచినచో దాని బలము పగటి పొరలోనే ఇంకిపోవును. ఇంతేగాక సూర్యుని కళంకములు సుమారు 11 ఏండ్లకొకమాఱు పెరిగి తగ్గుచుండును. దానినిబట్టియు ఏ తరంగము పనికివచ్చునో మాఱుచుండును.

దూరమును బట్టియు భేదము కలదు. 14 మెగాహెర్ట్‌జ్‌పై జగిత్యాలలో మాటలాడినచో, దాదాపు 2,500 కిలోమీటర్ల దూరమున దుబాయిలో వినబడవచ్చును. కరీంనగరములో మాత్రము వినబడకపోవచ్చును. తరంగము ఏటవాలుగ ఎగసి, దగ్గఱి ఊళ్లను దాటి, దూరమున దిగుటయే ఇందునకు కారణము. కడుపుకూటికై గల్ఫు దేశములకు పోయిన కొడుకునకు వినబడిన మాట పొరుగూరి తండ్రికి వినబడకుండుట వింతగ దోచును. కాని ఇది ప్రకృతిధర్మము.

కావున రేయింబవళ్లు తెగని వార్త కావలెననిన ఒక్క ఛానెలు చాలదు. మూడు నాలుగైనను ఉండవలెను. అప్పుడు ఒక చిక్కు పుట్టును. పిలుచువాడు ఆ వేళకు తనకు మేలని తోచిన ఛానెలుపై పిలుచును. వినువాడు ఏ ఛానెలుపై చెవియొగ్గి కూర్చుండవలెను? ఈ చిక్కును విడదీయుటకే స్కానింగు పుట్టినది.

నీరటి చుట్టు

పెద్ద చెఱువునకు ఆఱు తూములున్నవనుకొందము. వాటినన్నిటిని చూచుటకు నీరటి యొక్కడే. అతడు మొదటి తూము కడకు పోయి, ఒక్క క్షణము నిలిచి, ఎవరైన పిలుచుచున్నారా యని ఆలకించును. పిలుపు లేకున్న రెండవ తూమునకు పోవును. ఇట్లు ఆఱింటిని చుట్టి మరల మొదటిదానికి వచ్చును. ఎచ్చటనైన పిలుపు వినబడినచో అచ్చటనే ఆగును. స్కానింగు చేయు రేడియో పని ఇంతే. దానికి వినికిడి యంత్రము ఒక్కటే యుండును. లోపలనున్న చిన్న గణకయంత్రము, మనము ముందుగా వ్రాసియుంచిన పట్టికనుబట్టి, ఆ వినికిడిని ఒక్కొక్క ఛానెలుపైకి మార్చుచుండును. కాళ్లతో నడువనక్కఱలేదు గావున ఈ చుట్టు మిక్కిలి వడిగ సాగును. సాధారణముగ సెకండునకు రెండు ఛానెళ్లు మొదలు అయిదు ఛానెళ్ల వఱకు చూచును.

ఇక లెక్క చూతము. ఒక్కొక్క ఛానెలుపై అరసెకండు నిలుచు యంత్రమునకు నాలుగు ఛానెళ్ల పట్టిక యిచ్చినచో, చుట్టు రెండు సెకండ్లలో ముగియును. పది ఛానెళ్లు ఇచ్చినచో అయిదు సెకండ్లు పట్టును. ఆ అయిదు సెకండ్లలో ఏ ఛానెలునకైనను దక్కునది అరసెకండు మాత్రమే. తక్కిన నాలుగున్నర సెకండ్లు యంత్రము ఆ ఛానెలునకు చెవిటిది. ధర్మపురి రేవున నీరు హెచ్చుచున్నది అని చెప్పుటకు మూడు సెకండ్లయినను పట్టదు. యంత్రము అప్పుడే ఆ ఛానెలును విడిచి పోయినచో, మాట మొదలై ముగిసిన తరువాతగాని అది మరల అచ్చటికి రాదు. పలికినవాడు చెప్పితిననుకొనును, వినవలసినవానికి ఏమియు అందలేదు. ఇరువురును నిర్దోషులే. అయినను వార్త పోయినది.

అట్లయిన యంత్రమును ఇంకను వడిగ త్రిప్పరాదా యని అడుగవచ్చును. త్రిప్పవచ్చును గాని దానికి ఒక మేర కలదు. నీరటి తూము వద్ద పరుగున దాటిపోయినచో పిలుపును గాలిహోరును వేఱుపఱచి గుర్తింపలేడు. యంత్రమును అట్టిదే. వినబడినది మనిషి మాటయా, పిడుగు చప్పుడా, వట్టి హోరా యని తెలిసికొనుటకు దానికి కొంత వ్యవధి కావలెను. వ్యవధిని మితిమీఱి తగ్గించినచో చుట్టు వడిగ సాగును గాని పిలుపును గుర్తించుట తప్పిపోవును.

కొన్ని యంత్రములందు ఒక ఛానెలును ముఖ్యమైనదిగ నిర్ణయింపవచ్చును. అప్పుడు యంత్రము ప్రతి యితర ఛానెలును చూచిన పిమ్మట ముఖ్యమైనదానికి మరలివచ్చును. అయిదు ఛానెళ్లలో ఒకటి ముఖ్యమైనచో, అయిదు అడుగుల చుట్టు ఎనిమిది అడుగులగును. ముఖ్యమైనది ప్రతి రెండవ అడుగునను వినబడును. తక్కినవి ఆ మేరకు ఆలస్యమగును. ఒక మడికి నీరు హెచ్చుగ పెట్టినచో మఱియొక మడికి తగ్గుట వంటిదే ఇదియును.

పిలుపు చుట్టుకంటె పొడవుగ నుండవలెను

నీరటి చుట్టుచున్నాడని తెలిసినవాడు తూము వద్ద ఒక్కమాఱు కేకవేసి ఊరకుండడు. నీరటి చుట్టు ముగించి తనకడకు వచ్చు వఱకు కేకవేయుచునే యుండును. రేడియోలో ఈ పనిని సెల్‌కాల్ అను పద్ధతి చేయును. పిలుచు యంత్రము మాటకు ముందుగా ఒక నిడుపాటి స్వరమును పంపును. ఆ స్వరము చుట్టు కాలముకంటె కొంచెము హెచ్చుగ సాగును. అందుచేత చుట్టులో ఎచ్చటనున్న యంత్రమైనను స్వరము ముగియకమునుపే ఆ ఛానెలునకు వచ్చి, దానిని గుర్తించి, ఆగును. అటుతరువాత పిలువబడువాని అంకెయు, పిలుచువాని అంకెయు వచ్చును. తన అంకె కాని యంత్రములు మరల చుట్టునకు పోవును. తన అంకెయైన యంత్రము గంట మ్రోగించి, అందినది అని తనంతట తానే మాఱుపలుకు పంపును. మాఱుపలుకు రానిచో పిలుచువాడు వేఱొక ఛానెలుపై యత్నించును. తన పిలుపు చేరినదో లేదో పలికినవానికి తెలియుట ఈ పద్ధతిలోని గొప్ప మేలు.

ఓడల రక్షణకై ప్రపంచమంతటను అమలుననున్న ఏర్పాటు ఇందునకు మంచి నిదర్శనము. ఈ ఏర్పాటు 1999 ఫిబ్రవరి 1వ తేదీనుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. 2, 4, 6, 8, 12, 16 మెగాహెర్ట్‌జ్‌ల ప్రాంతములందు ఆపద పిలుపునకై ఒక్కొక్క ఛానెలు, మొత్తము ఆఱు ఛానెళ్లు ప్రత్యేకింపబడినవి. వాటిని వినుచుండు యంత్రము తన చుట్టును రెండు సెకండ్లలోపల ముగింపవలెనని నియమము. ఆపద పిలుపు మొదట 200 చుక్కల గుర్తు వచ్చును. సెకండునకు 100 చుక్కల చొప్పున అది సరిగా రెండు సెకండ్లు సాగును. వినువాని చుట్టు రెండు సెకండ్లు. పిలుచువాని గుర్తు రెండు సెకండ్లు. ఒకదానికొకటి కొలిచి యతికినట్లుండుటచేత నడిసముద్రమున మునుగుచున్నవాని పిలుపు తప్పిపోకుండుటకు వీలు కలిగినది. విశాఖపట్టణమునుండియు, కాకినాడనుండియు సముద్రముపై పోవు పెద్ద ఓడలకును ఈ నియమమే.

ఈ యతుకు చెడినచో ఏమగునో చూడుడు. నాలుగు గ్రామములవారు నాలుగు ఛానెళ్ల పట్టిక పెట్టుకొని, పిలుపు స్వరమును రెండు సెకండ్లకు కొంచెము హెచ్చుగ అమర్చుకొనిరనుకొందము. అందొక గ్రామమువారు ఊరకనున్న ఛానెళ్లేల యని మఱి ఆఱింటిని తమ పట్టికలో చేర్చిరి, ఎవరికిని చెప్పలేదు. వారి చుట్టు ఇప్పుడు అయిదు సెకండ్లు. తక్కినవారి స్వరము రెండు సెకండ్లకే ముగియును. కావున అయిదు పిలుపులలో సుమారు రెండే వారికి చిక్కును, మూడు తప్పును. హెచ్చు ఛానెళ్లు వినుచున్నామని వారు సంతోషించుచుందురు. నిజమునకు వారు మునుపటికంటె తక్కువ వినుచున్నారు.

ఎచ్చట ఆగవలెనో యంత్రమునకు ఎట్లు తెలియును?

ఇందునకు మూడు పద్ధతులు కలవు. మొదటిది, ఛానెలుపై చప్పుడు హెచ్చినచో ఆగుట. హెచ్.ఎఫ్. నందు ఇది అంతగా పనికిరాదు. ఈ తరంగములపై ఎల్లవేళల హోరు ఉండనే యుండును. వానకాలమున వందల మైళ్ల దూరపు మెఱుపులును చిటపటలాడును. యంత్రము ఊరక ఆగుచుండును.

రెండవది, మాట యొక్క నడకను గుర్తించుట. మనిషి మాటలో అక్షరములు లేచి పడుచుండును, హోరు అట్లుండదు. ఈ భేదమును యంత్రము పట్టగలదు. అయితే పలుకువాడు ఊపిరి తీసికొనుటకు ఆగిన క్షణముననే యంత్రము ఆ ఛానెలునకు వచ్చినచో, ఎవరును లేరని తలంచి దాటిపోవును. పట్టుకొన్నను, అప్పటికి జరిగిపోయిన మాటలు పోయినట్లే. అందుచేత మాటలతో పిలుచువాడు మొదటి మాటలలో ముఖ్యవార్తను చెప్పరాదు. పిలువబడువాని పేరును, తన పేరును పదిపదునైదు సెకండ్లపాటు మరల మరల పలికి, మాఱుపలుకు వచ్చిన పిమ్మటగాని అసలు సంగతి చెప్పరాదు.

మూడవది, మేము ముందు చెప్పిన సెల్‌కాల్. హోరు హెచ్చుగనున్న చోట ఇది తక్కిన రెంటికంటె నమ్మదగినది. ఇందులో ఇంకను ముందంజ వేసిన పద్ధతికి ఏ.ఎల్.ఇ. అని పేరు. ఇది 750 మొదలు 2500 హెర్ట్‌జ్ వఱకు గల ఎనిమిది స్వరములతో అంకెలను పంపును. ఒక్కొక్క స్వరము సెకండులో 125వ వంతు మాత్రమే నిలుచును. హోరులో ఒకటి రెండు చెడినను సరిదిద్దుకొనుటకు వీలుగ ప్రతి మాటను మూడుమార్లు కలిపి పంపును. అంతేకాక ఈ యంత్రములు నడుమనడుమ ఒక్కొక్క ఛానెలుపై తమ పేరును చాటుకొనుచుండును. ఏ స్టేషను ఏ ఛానెలుపై ఎంత స్పష్టముగ వినబడినదో తక్కిన యంత్రములు గుర్తుంచుకొనును. పిలువవలసి వచ్చినప్పుడు మార్కులు హెచ్చుగ వచ్చిన ఛానెలును యంత్రమే ఎన్నుకొని, ముందు దానిపై పిలుచును. మనిషి చేయవలసిన ఊహను యంత్రము చేయుచున్నది. అయినను చుట్టు నియమము దీనికిని తప్పదు. దీని పిలుపును చుట్టుకంటె పొడవుగనే యుండును.

యంత్రము ఒక ఛానెలుపై ఆగియున్నంతసేపును తక్కిన ఛానెళ్లను చూడదు. మాట ముగిసి కొంతసేపు నిశ్శబ్దముగ నున్న పిమ్మటగాని మరల చుట్టు మొదలిడదు. కావున ఒక ఛానెలుపై ఇద్దఱు ఊసుపోక మాటలాడుచున్నచో, మాటను గుర్తించి ఆగు యంత్రములన్నియు అచ్చటనే తగులుకొనును. వేఱొక ఛానెలుపై వచ్చు ఆపద పిలుపు ఎవరికిని వినబడదు. కాలువ నడుమ ఒకడు కట్టవేసి చేపలు పట్టుచుండగా చివరి మళ్లు ఎండుటవంటిది ఇది.

తీగను గూర్చియు, హోరును గూర్చియు

రేడియో వాడువారు యంత్రమును గూర్చి శ్రద్ధ వహించి ఏరియల్ తీగను మఱతురు. తీగ యొక్క పొడవు తరంగము యొక్క పొడవునకు తగినట్లుండవలెను. 7 మెగాహెర్ట్‌జ్‌కు నడుమ విఱచి కట్టు తీగ సుమారు 20 మీటర్లు, 3.5 మెగాహెర్ట్‌జ్‌కు సుమారు 40 మీటర్లు. ఒక్క ఛానెలునకు కొలిచి కట్టిన తీగతో పది ఛానెళ్లను స్కాను చేసినచో, తొమ్మిదింటిపై వినికిడి మందగించును. యంత్రము చుట్టును తిరుగుచున్నట్లు అంకెలు మాఱుచునే యుండును. కాని దాని చెవి సగము మూసియున్నట్లే. పలు తరంగములకు పనికివచ్చు వెడల్పాటి ఏరియల్ కట్టుట యొక మార్గము. తనంతట తాను సరిచేసికొను పెట్టెను తీగకు తగిలించుట మఱియొక మార్గము. అయితే ఆ పెట్టె ప్రతి అరసెకండునకును సరిచేసికొనజాలదు. వినునప్పుడు ప్రక్కకు తొలగియుండి, మాటలాడునప్పుడు మాత్రము సరిచేసికొనును. అందుకు ఒకటి రెండు సెకండ్లు పట్టవచ్చును గావున మీట నొక్కిన వెంటనే పలుకక కొంచెము తాళవలెను.

పొరుగు జిల్లాలతో మాటలాడుటకు తీగను మిక్కిలి ఎత్తున కట్టనక్కఱలేదు. నేలకు కొలది మీటర్ల ఎత్తున అడ్డముగ కట్టిన తీగ తరంగమును తిన్నగ పైకి పంపును. అదియే మనకు కావలసినది. కాని తీగను మోటారు స్టార్టర్లకును, విద్యుత్తు తీగలకును, సాంచాలకును దూరముగ కట్టవలెను. సిరిసిల్లవంటి మరమగ్గముల ఊరిలో మోటార్ల నిప్పురవ్వలవలన పుట్టు హోరు రేడియోకు ప్రబల శత్రువు. విద్యుత్తు తీగపై ఏరియల్ పడినచో ప్రాణాపాయము కలదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంఘములు పాటింపదగిన నియమములు

పట్టిక పొట్టిగ నుండవలెను. పగటికి రెండు, రాత్రికి రెండు ఛానెళ్లు మన దూరములకు చాలును. పట్టిక అందఱికిని ఒక్కటే కావలెను. ఒకరు మార్చినచో అందఱును మార్చవలెను. మార్చిన తేదీని యంత్రముపై అంటించిన కాగితమున వ్రాయవలెను. పిలుపు స్వరము అందఱిలో పొడవైన చుట్టుకంటె పొడవుగ నుండవలెను.

గడియారమును మఱవరాదు. ఆస్ట్రేలియాలో 1928లో వైద్యులను విమానములపై పంపు ఏర్పాటు మొదలైనది. 1929లో ట్రేగర్ అను నతడు కాలితో త్రొక్కి నడుపు రేడియోను నిర్మించి, దూరదూరముననున్న పశువుల కాపరుల యిండ్లకు ఇచ్చెను. అప్పటి యంత్రములకు స్కానింగు లేదు. ఏ వేళకు ఏ ఛానెలుపై వినవలెనో ముందుగా నిర్ణయించుకొని, ఆ వేళకు అందఱును చెవియొగ్గెడివారు. నేడును వరద వేళ ప్రతి గంటయందు మొదటి అయిదు నిమిషములు స్కానింగు ఆపి, ఒక్క ఛానెలుపై నిలిచి వినుట మంచిది. ఏ పద్ధతి విఫలమైనను గడియారము మాట తప్పదు.

నెలకొకమాఱైనను పగటియందును, రాత్రియందును పిలిచి చూచుకొనవలెను. బ్యాటరీని సూర్యరశ్మి పలకతోనో, వేఱువిధముగనో నిండించి యుంచవలెను. వరద వచ్చిన దినమున మొదటిసారి మీటను ముట్టువానికి యంత్రము లోబడదు.

ప్రభుత్వపు అనుజ్ఞాపత్రము లేక మాటలు పంపు యంత్రమును ఉంచుకొనుట నేరము. సామాన్యులకు సులభమైన త్రోవ హామ్ రేడియో. కేంద్రప్రభుత్వమువారి పరీక్షలో నెగ్గినవారికి లైసెన్సు దొరకును. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యను వ్యాపింపజేసినది. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ గారును, వారి తోడివారును అండమాను దీవులకు పోయి రేడియో నడుపుచుండిరి. 26వ తేదీన సునామీ వచ్చి తీగలు తెగిన వెంటనే, వారి హెచ్.ఎఫ్. యంత్రములే బాధితుల క్షేమవార్తలను బయటి ప్రపంచమునకు చేర్చినవి. హామ్ లైసెన్సుపై వ్యాపారపు మాటలు పలుకరాదని సభ్యులు గుర్తుంచుకొనవలెను. పసుపు ధరయు, ధాన్యపు బస్తాల లెక్కయు దానిపై పంపరాదు. ఆపద్వార్తలు పంపవచ్చును.

ఇట్టివి పట్టణపు చదువరుల పనులు, మనకు సాధ్యమగునా యని కొందఱు సంశయింపవచ్చును. సిరిసిల్లలో 1970లో రైతులు సభ్యులుగ సహకార విద్యుత్ సరఫరా సంఘము వెలసినప్పుడును అట్టి సంశయములు పుట్టకపోలేదు. స్తంభము నాటుటయు, తీగ లాగుటయు, లెక్క వ్రాయుటయు పల్లెవారు నేర్చిరి. రేడియో అంతకంటె కఠినమైనది కాదు. దానికి కావలసినది హెచ్చు ధనము కాదు, హెచ్చు ఛానెళ్లును కావు. నలుగురు ఒక్క పట్టికకు కట్టువడుటయు, తమ వంతు వచ్చు వఱకు ఓర్చుటయును. ఒక్క కాలువ నీటిని పదిమంది పంచుకొని పంట పండించు మనకు ఈ గుణములు క్రొత్తవి కావు. ఈ విషయమై ప్రతి సంఘమువారును వానకాలము ముందే తమ సభలో చర్చించి, తమ గ్రామమున పరీక్షకు కూర్చుండదగిన ఇద్దఱు యువకులనైన ఎన్నుకొందురుగాక యని కోరుచున్నాము.